పెరోవ్‌స్కైట్ సెల్ మీద పైపూత: వోల్టేజ్ పెరిగింది, మరి వేడికి ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మాది గుంటూరు. ఎం.టెక్ ప్రాజెక్టులో పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో సోలార్ సెల్స్ చేస్తున్నాం. అడుగున ఎలక్ట్రాన్లను తీసుకునే టిన్ ఆక్సైడ్, మధ్యలో పెరోవ్‌స్కైట్‌గా ఫార్మమిడీనియం లెడ్ అయొడైడ్, పైన హోల్స్‌ను (ఎలక్ట్రాన్లు వదిలిన ధన ఖాళీలను) తీసుకునే స్పైరో, ఆ పైన ఎలక్ట్రోడ్‌గా బంగారం. పెరోవ్‌స్కైట్ మీద పీఈఏఐ (ఫినైల్‌ఎథైల్ అమ్మోనియం అయొడైడ్) పూత వేస్తే వోల్టేజ్ బాగా పెరిగింది కానీ ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ వోల్టేజ్, గరిష్ఠ కరెంటుల లబ్ధంలో నిజంగా చేతికి వచ్చే పవర్ వంతు) పడిపోయింది. 85 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెడితే పూత వేసిన సెల్సే ముందు పోతున్నాయి. పేపర్లలో మాత్రం పూత వల్ల స్టెబిలిటీ పెరుగుతుందని రాస్తున్నారు. మేం ఎక్కడ తప్పు చేస్తున్నాం? ఏ పూత వాడాలి?

సమాధానం:

మీరు తప్పేమీ చేయలేదు. మీకు వచ్చిన ఫలితం నిజమైనదే, చాలా ల్యాబుల్లో వచ్చేదే. వోల్టేజ్ పెరిగిందంటే ఉపరితలంలో ఉన్న లోపాలు ఆ క్షణానికి మూసుకున్నాయని అర్థం. వేడికి నిలవాలంటే వాటిని మూసిన అణువు వారాల తరబడి అక్కడే ఉండాలి. ఈ రెండూ వేరు వేరు గుణాలు. మొదటిది సాధిస్తే రెండోది దానంతట అదే వస్తుందన్నట్టు చాలామంది రాస్తారు కాబట్టే మీకు ఈ తికమక. నేను విజయవాడలో ఉంటాను, చాలా ఏళ్లుగా ఈ పదార్థంతోనే పని చేస్తున్నాను. మన ఎండలకు రెండో గుణమే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

అసలు ఉపరితలానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, పెరోవ్‌స్కైట్ లోపలి భాగం చాలా ఓర్పు గల పదార్థం. ద్రావణంగా పోసి, తిప్పి, హాట్‌ప్లేట్ మీద ఆరబెట్టిన ఫిల్మ్ ఇంత బాగా పని చేయడమే ఆశ్చర్యం. 2009లో జపాన్‌లో మియసకా బృందం చూపించినప్పుడు సామర్థ్యం 3.8 శాతం. ఇప్పుడు చిన్న సెల్స్‌లో 26 శాతం దాటింది. ఈ దూరంలో మొదటి సగం మంచి ఫిల్మ్ చేయడం నేర్చుకోవడం వల్ల వచ్చింది. చివరి నాలుగైదు శాతం మాత్రం ఎక్కువగా పై ఉపరితలాన్నీ అడుగు ఉపరితలాన్నీ చక్కదిద్దడం వల్లే వచ్చింది.

మీరు ఫిల్మ్‌ను 150 డిగ్రీల దగ్గర అనీల్ చేస్తారు, అంటే కాసేపు వేడి మీద ఉంచుతారు కదా. ఆ వేడికి పై పొర నుంచి సేంద్రియ భాగం కొంత ఎగిరిపోతుంది, దానితో పాటు అయొడైడ్ కూడా కొంత పోతుంది. పోయిన చోట లెడ్ అణువులు పక్కన తోడు లేకుండా మిగిలిపోతాయి. కాంతి వల్ల పుట్టిన ఎలక్ట్రాన్, హోల్ అలాంటి చోటికి వస్తే బయటి తీగలోకి వెళ్లకుండా అక్కడే కలిసిపోయి వేడిగా మారతాయి. పీఈఏఐలోని అయొడైడ్ ఆ ఖాళీల్లో కూర్చుంటుంది, అమ్మోనియం తల సేంద్రియ అయాన్ పోయిన చోటును నింపుతుంది. అందుకే వోల్టేజ్ పెరుగుతుంది. లెక్క కూడా సులువే: గది ఉష్ణోగ్రత దగ్గర ఫిల్మ్ వెలిగే సామర్థ్యం, అంటే ఫోటోల్యూమినెసెన్స్ క్వాంటమ్ యీల్డ్, పది రెట్లు పెరిగితే వోల్టేజ్ సుమారు 60 మిల్లీవోల్టులు పెరగాలి. మీకు వచ్చిన పెరుగుదల ఈ లెక్కతో సరిపోతోందా చూడండి. సరిపోకపోతే పూత లోపాలను మూయడం కాకుండా ఇంకేదో చేస్తోందన్నమాట.

ఫిల్ ఫ్యాక్టర్ సంగతి. ఉదాహరణకు పూత లేకుండా 1.08 వోల్టులు, చదరపు సెంటీమీటరుకు 24 మిల్లీ ఆంపియర్లు, ఫిల్ ఫ్యాక్టర్ 0.80 అనుకుందాం. సామర్థ్యం 20.7 శాతం. పూత వేశాక వోల్టేజ్ 1.14కు పెరిగి ఫిల్ ఫ్యాక్టర్ 0.75కు తగ్గితే వచ్చేది 20.5 శాతమే. 60 మిల్లీవోల్టులు సంపాదించి కూడా మొత్తం మీద నష్టపోయారు. కారణం పూత మందం. పీఈఏఐ, దాని నుంచి పుట్టే రెండు డైమెన్షన్ల పొర (పలచని పలకలుగా పేరుకునే పెరోవ్‌స్కైట్ రకం), రెండూ కరెంటును సరిగా పోనివ్వవు. ఆ పొరలు గాజుకు సమాంతరంగా పరుచుకుంటాయి కాబట్టి ఛార్జ్ వాటికి అడ్డంగా దాటాలి. రెండు మూడు నానోమీటర్లయితే దాటేస్తుంది, పది దాటితే ఇరుక్కుంటుంది. కాబట్టి ముందు గాఢత తగ్గించండి. సాధారణంగా మిల్లీలీటరుకు 1 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్య వాడతారు. ఆ మధ్యలో నాలుగైదు గాఢతలతో ఒకే రోజు, ఒకే ద్రావణం నుంచి తీసిన ఫిల్ముల మీద వేసి చూడండి. వేర్వేరు రోజుల సెల్స్‌ను పోల్చడం వల్ల ఏమీ తేలదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. పీఈఏఐని ఐసోప్రొపనాల్‌లో కరిగించి వేస్తున్నారు. ఆ ఐసోప్రొపనాల్ కూడా ఊరికే ఉండదు, పై పొరలోని ఫార్మమిడీనియం అయొడైడ్‌ను కొంత కరిగించి తీసుకుపోతుంది. తిరుగుతున్న ఫిల్మ్ మీద గబుక్కున ఒక్కసారి వేస్తే ఒక ఉపరితలం వస్తుంది. ఆగి ఉన్న ఫిల్మ్ మీద పోసి కాసేపు వదిలి తిప్పితే వేరే ఉపరితలం వస్తుంది. అందుకని మీకు రెండు కాదు, మూడు రకాల సెల్స్ కావాలి: ఏమీ వేయనివి, ఉత్త ఐసోప్రొపనాల్ వేసినవి, పీఈఏఐ వేసినవి. మధ్యదాన్ని వదిలేసిన వాళ్లకు పూత చేసిన మేలెంతో, ద్రావణి చేసిన మార్పెంతో ఎప్పటికీ తెలియదు. పైగా ఐసోప్రొపనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గుంటూరులో ఆగస్టులో మూత తీసి వాడిన సీసాను సెప్టెంబరులో మళ్లీ వాడితే అందులో ఉన్న నీరు ఎంతో ఎవరికీ తెలియదు. చిన్న సీసాలు తెచ్చుకోండి, మాలిక్యులర్ సీవ్ (తేమ పీల్చే గుళికలు) వేసి ఉంచండి, మూత తీసిన తేదీ సీసా మీదే రాయండి.

మరో దాగి ఉన్న తేడా లెడ్ అయొడైడ్. మీలో చాలామంది ద్రావణంలో లెడ్ అయొడైడ్ కాస్త ఎక్కువ వేస్తారు, కొంచెం మిగులు ఉంటే సామర్థ్యం పెరుగుతుంది కాబట్టి. ఆ మిగులే పీఈఏఐతో కలిసి రెండు డైమెన్షన్ల పొరగా మారుతుంది. అంటే మిగులు ఎంత ఉంటే పొర అంత. ఒక బ్యాచ్‌లో మిగులు ఎక్కువ, ఇంకో బ్యాచ్‌లో తక్కువ అయితే, ఒకే పీఈఏఐ ద్రావణం రెండు వేర్వేరు పూతలనిస్తుంది. పైపెచ్చు మిగిలిపోయిన లెడ్ అయొడైడ్ కాంతికి లెడ్‌గా, అయొడిన్‌గా విడిపోతుంది. కాబట్టి సామర్థ్యానికి మేలు చేసే మిగులు ఆయుష్షుకు మేలు చేస్తుందని లెక్క వేసుకోవద్దు.

ఇప్పుడు మీ అసలు బాధ, 85 డిగ్రీల దగ్గర జరిగేది. పీఈఏఐని అనీల్ చేయకుండా వదిలేశారని మీ ప్రశ్నను బట్టి అనుకుంటున్నాను. అలా వదిలేసిన పూత ఇంకా పని ముగించని పదార్థం. 2019లో చైనా బృందం ఒకటి ఇదే పీఈఏఐని వేడి చేయకుండా వాడి 23 శాతం పైన ధ్రువీకృత సామర్థ్యం చూపించింది. ఆ దారిని తర్వాత ఎన్నో ల్యాబులు పట్టుకున్నాయి. గది ఉష్ణోగ్రత దగ్గర అది బాగానే ఉంటుంది. కానీ హాట్‌ప్లేట్ మీద పెట్టగానే ఆగిపోయిన రసాయన చర్య మళ్లీ మొదలవుతుంది. మిగిలిన పీఈఏఐ పెరోవ్‌స్కైట్‌తో కలిసి పొరను మందం చేస్తుంది. ఫినైల్‌ఎథైల్ అమ్మోనియం అయాన్లు ఫిల్మ్‌లోని స్ఫటిక గింజల మధ్య గీతల వెంట లోపలికి పాకుతాయి, ఫార్మమిడీనియం అయాన్లు పైకి వస్తాయి. మీరు మొదటి రోజు కొలిచిన ఉపరితలం పది రోజుల తర్వాత అక్కడ ఉండదు. పూత వేసిన సెల్సే ముందు పోవడానికి ఇది సరిపోయే కారణం.

అయితే నేరం మొత్తం పీఈఏఐ మీద వేసే ముందు ఇంకో ఇద్దరు అనుమానితులను చూడాలి. స్పైరోలో లిథియం ఉప్పు, టెర్ట్ బ్యూటైల్ పిరిడిన్ కలుపుతారు. లిథియం ఉప్పు తేమను లాగుతుంది, పిరిడిన్ వేడికి ఎగిరిపోతుంది. బంగారం కూడా 70 డిగ్రీల దగ్గరి నుంచే స్పైరో గుండా దిగి పెరోవ్‌స్కైట్‌లోకి చేరుతుందని 2016 నుంచీ తెలిసిన సంగతే. కాబట్టి పూర్తి సెల్‌ను హాట్‌ప్లేట్ మీద పెట్టి చూస్తే ఎవరి వల్ల పోయిందో తేలదు. ఇలా చేయండి: పూత వేసిన ఫిల్ములను స్పైరో, బంగారం లేకుండానే నైట్రోజన్‌లో, చీకట్లో 85 డిగ్రీల దగ్గర ఉంచండి. తర్వాత బయటికి తీసి వాటి మీద తాజాగా స్పైరో, బంగారం వేసి కొలవండి. పక్కనే పూత లేని ఫిల్ములకు కూడా అంతే వేడి పెట్టి, అంతే చేయండి. వేడి చూసిన ఫిల్మ్ మీద తాజా పై పొరలు వేసినా సామర్థ్యం తగ్గిందంటే దోషం పెరోవ్‌స్కైట్‌దీ పూతదీ. తగ్గలేదంటే దోషం స్పైరోదీ బంగారానిదీ. ఈ ఒక్క ప్రయోగం మీకు నెలల తరబడి శ్రమ తగ్గిస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) కూడా వేడికి ముందు, తర్వాత తీయండి. కాపర్ కె-ఆల్ఫా కిరణాలతో చూస్తే 14 డిగ్రీల దగ్గర మీ నల్లని పెరోవ్‌స్కైట్ శిఖరం ఉంటుంది. 12.7 దగ్గర కనిపిస్తే లెడ్ అయొడైడ్. 11.8 దగ్గర కనిపిస్తే ఫార్మమిడీనియం పదార్థం సెల్‌కు పనికిరాని పసుపు దశలోకి జారుతోందని అర్థం. 5.4 దగ్గర కొత్త శిఖరం పుడితే అది పీఈఏఐ నుంచి వచ్చిన రెండు డైమెన్షన్ల పొర. వేడితో ఆ 5.4 శిఖరం పెరిగి 12.7 శిఖరం తగ్గితే, నేను పైన చెప్పిన కథ మీ ఫిల్మ్‌లో జరుగుతోందన్నమాట. ఫోటోల్యూమినెసెన్స్‌లో 520 నానోమీటర్ల దగ్గర పచ్చని కాంతి వస్తే ఒకే పొర ఉన్న రకం, 570 దగ్గర వస్తే రెండు పొరల రకం. పొర ఏ రకమో తెలియకుండా పూత గురించి వాదించుకోవడం దండగ.

పేపర్లలో నీటి చుక్క ఫోటోలు చూసే ఉంటారు. పూత వేసిన ఫిల్మ్ మీద చుక్క గుండ్రంగా నిలబడింది కాబట్టి తేమకు తట్టుకుంటుందని రాస్తారు. ఆ వాదన నాకు ఎప్పుడూ నచ్చలేదు. చుక్క వేరు, ఆవిరి వేరు. ఆవిరి గింజల మధ్య సందుల నుంచీ సెల్ అంచుల నుంచీ లోపలికి పోతుంది. ఆవకాయ మీద నూనె తేలేలా పోస్తాం, పై నుంచి గాలి తగలకుండా అది కాపాడుతుంది. కానీ ముక్కల్లోనే తడి ఉంటే ఎంత నూనె పోసినా జాడీ లోపలి నుంచి బూజు పడుతుంది. పెరోవ్‌స్కైట్ కూడా అంతే. లోపల అయొడైడ్ అయాన్లు కదులుతూనే ఉంటాయి, కాంతిలో, వోల్టేజ్ కింద ఇంకా వేగంగా కదులుతాయి. తేమను ఆపడం గాజు మీద గాజు పెట్టి అంచుల్లో బ్యూటైల్ రబ్బరు సీలు వేసే ప్యాకింగ్ పని. పైపూత చేయాల్సింది లోపలి అయాన్లు పైకి వచ్చి లోహాన్ని తాకకుండా, వేడికి సేంద్రియ భాగం ఎగిరిపోకుండా ఆపడం. వెండి ఎలక్ట్రోడ్ వాడినవాళ్లు ఇది కళ్లారా చూస్తారు: అయొడైడ్ పైకి చేరి వెండిని సిల్వర్ అయొడైడ్‌గా మారుస్తుంది, మెరుస్తున్న లోహం పసుపుబారిపోతుంది.

ఏ పూత వాడాలంటారా, ముందు మీ సెల్ ఏ వైపు నుంచి కట్టారో చూడాలి. మీది అడుగున ఎలక్ట్రాన్ పొర, పైన హోల్ పొర ఉన్న నిర్మాణం. హోల్స్ పైకి పోవాలి కాబట్టి పీఈఏఐ, ఆక్టైల్ అమ్మోనియం అయొడైడ్ లాంటివి అక్కడ సరిపోతాయి. ఇదే పీఈఏఐని తలకిందుల నిర్మాణంలో, అంటే పైన ఎలక్ట్రాన్లను తీసుకునే సి-60 అనే కార్బన్ పదార్థం ఉన్న సెల్‌లో వేస్తే ఎలక్ట్రాన్లకే అడ్డం పడుతుంది. అక్కడ ప్రొపేన్ డైఅమ్మోనియం అయొడైడ్, ఇథిలీన్ డైఅమ్మోనియం అయొడైడ్, పైపరజీనియం అయొడైడ్ లాంటి రెండు తలల అణువులు బాగా పని చేస్తాయి. ఇవి మందపు రెండు డైమెన్షన్ల పొర కట్టకుండా ఉపరితలంలో విద్యుత్ క్షేత్రాన్ని మార్చి హోల్స్‌ను వెనక్కి నెడతాయి. కొందరు ఒక నానోమీటరు మందంలో లిథియం ఫ్లోరైడ్ ఆవిరి చేసి వేస్తారు. అల్యూమినియం ఆక్సైడ్‌ను పొర మీద పొరగా వేసే ఏఎల్‌డీ పద్ధతి కూడా ఉంది. అకర్బన పదార్థం కాబట్టి అది లోపలికి పాకదు, ఎగిరిపోదు.

ఆయుష్షే ముఖ్యం అనుకుంటే తలకిందుల నిర్మాణానికి మారమని నా సలహా. స్పైరో, లిథియం ఉప్పు రెండూ తప్పుతాయి. సి-60 మీద ఏఎల్‌డీతో టిన్ ఆక్సైడ్ వేస్తే లోహం దిగకుండా, అయొడైడ్ పైకి రాకుండా గట్టి గోడలా నిలుస్తుంది. ఏఎల్‌డీ యంత్రం మీకు అందుబాటులో లేకపోతే ఇప్పుడున్న నిర్మాణంలోనే పీఈఏఐ మోతాదు తగ్గించి, 100 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు అనీల్ చేసి, చర్య అక్కడితో ముగిసేలా చూడండి. వోల్టేజ్ కాస్త తగ్గుతుంది, దానికి బాధపడొద్దు.

అడుగు ఉపరితలాన్ని మర్చిపోకండి. అక్కడ మీరు తర్వాత వెళ్లి ఏమీ వేయలేరు, ముందే చేయాలి. టిన్ ఆక్సైడ్‌ను పెరోవ్‌స్కైట్ పోసే ముందు యూవీ ఓజోన్‌లో ఉంచితే ద్రావణం చక్కగా పరుచుకుంటుంది. పొటాషియం క్లోరైడ్ కొద్దిగా కలిపితే అక్కడి లోపాలు తగ్గుతాయి. తలకిందుల నిర్మాణంలో టూ-ప్యాక్జ్, మీథైల్-ఫోర్-ప్యాక్జ్ లాంటి ఒకే అణువు మందం గల పొరలు వాడతారు. మీథైల్-ఫోర్-ప్యాక్జ్ మీద పెరోవ్‌స్కైట్ ద్రావణం పరుచుకోక ముడుచుకుపోయి ఫిల్ముల్లో చిల్లులు పడడం మామూలే. దానికి ఓపిక కావాలి.

85 డిగ్రీలు మరీ ఎక్కువ కదా, మన దగ్గర ఎప్పుడు అంత వస్తుందని అడుగుతారేమో. లెక్క వేద్దాం. మామూలు ప్యానెల్‌కు 20 డిగ్రీల గాలిలో, చదరపు మీటరుకు 800 వాట్ల ఎండలో ఉష్ణోగ్రత 45 దగ్గర ఉంటుంది. అంటే గాలి కంటే 25 డిగ్రీలు ఎక్కువ. 1000 వాట్ల ఎండకు ఆ తేడా 31 అవుతుంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో విజయవాడ గాలి 43 డిగ్రీలుంటే డాబా మీద ప్యానెల్ 74 దగ్గర ఉంటుంది. కాంక్రీటుకు దగ్గరగా, గాలి ఆడకుండా బిగించినది ఇంకా వేడెక్కుతుంది. యూరప్‌లో ఆరుబయట బాగున్నదని చెప్పిన సెల్ ఇక్కడా బాగుంటుందని అనుకోలేం. ప్యానెళ్లకు వాడే అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61215 పరీక్షలో 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటలు, ఆపైన మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు 200 చక్రాలు ఉంటాయి. వాటి కంటే మీకు ఇప్పుడు ముఖ్యమైనది కాంతి, వేడి కలిసి పడే పరీక్ష. చీకట్లో 85 డిగ్రీలు తట్టుకున్న పూత కాంతి కింద 65 డిగ్రీలకే పోవచ్చు. 2020లో ప్రపంచమంతటి శాస్త్రవేత్తలు కలిసి రాసుకున్న ఐసోస్ నియమాల్లో ఎల్-2 అనేది ఇలాంటిదే: సెల్ గరిష్ఠ పవర్ దగ్గర పనిచేస్తూ ఉండగా 65 లేదా 85 డిగ్రీలు. ఊరికే షెల్ఫ్ మీద పెట్టి నెల తర్వాత కొలిచి స్టెబిలిటీ అని రాయడం మానేయాలి.

ఇంకో మాట, లామినేషన్. ఈవీఏ అనే ప్లాస్టిక్ షీటుతో ప్యాక్ చేయాలంటే 140, 150 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాల పైన ఉంచాలి. ఆ పదిహేను నిమిషాల్లోనే అనీల్ చేయని పీఈఏఐ పూత పూర్తిగా మారిపోతుంది. ఈవీఏ వయసు మీరే కొద్దీ ఎసిటిక్ ఆమ్లం కూడా విడుదల చేస్తుంది, అందుకే పెరోవ్‌స్కైట్‌కు పాలీఓలెఫిన్ రకం షీట్లు మేలు. ల్యాబు సెల్ మీద అద్భుతంగా ఉన్న పూత మాడ్యూల్ దాకా రాలేకపోవడానికి ఇది పెద్ద కారణం.

చివరిగా లెడ్. మీ స్పిన్ కోటర్ గిన్నెలో మిగిలిన ద్రావణం, కడిగిన డీఎంఎఫ్ ద్రావణి, వాడిన గ్లవ్స్, టిష్యూలు ఏవీ సింక్‌లోకి, చెత్తబుట్టలోకి పోకూడదు. డీఎంఎఫ్ చర్మం గుండా లోపలికి పోతుంది, లెడ్‌ను తనతో తీసుకెళ్తుంది. బెజవాడ మురుగు ఏ కాలువల్లో కలుస్తుందో ఇక్కడ ఉండే మాకు రోజూ కనబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఇలాంటి ఊళ్ల డాబాల మీదికి లెడ్ ఉన్న ప్యానెల్ రావాలంటే, అది పగిలి నీళ్లలో మునిగినా లెడ్ బయటికి రాకూడదు. గాజు మీద ఫాస్ఫోనిక్ ఆమ్ల రకం లెడ్‌ను పట్టే పొరలు వేసే పని ఇప్పటికే జరుగుతోంది. మీ ప్రాజెక్టులో పైపూత గురించే రాస్తున్నారు కాబట్టి దీన్ని కూడా ఒక అధ్యాయంగా పెట్టమని అడుగుతున్నాను.

ముందుగా స్పైరో లేని ఫిల్ముల వేడి ప్రయోగం, ఉత్త ఐసోప్రొపనాల్ కంట్రోల్ చేయండి. వేడికి ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులు, వోల్టేజ్ పెంచుతూ, తగ్గిస్తూ తీసిన ఫార్వర్డ్, రివర్స్ రెండు స్కాన్లూ ఇక్కడ పెట్టండి. ద్రావణంలో లెడ్ అయొడైడ్ ఎంత ఎక్కువ వేశారో కూడా రాయండి. వాటిని చూశాక గాఢత ఎంత తగ్గించాలో, పూత అణువు మార్చాలో వద్దో చెప్పగలను.